ఐస్‌లాండ్‌లో తిరగాలంటే: నల్లగొండ బోరుబండి మనిషి మాట

మా దిక్కు వాళ్లు ఐస్‌లాండ్ గురించి నన్ను అడిగేవి రెండే: ఎన్ని రోజులు కావాలి, ఎంత అవుతుంది. రెండింటికీ జవాబు ఒక్కటే. ఎన్ని చోట్లు వదులుకోగలిగితే అంత బాగా చూస్తారు, అంత తక్కువలో తిరిగొస్తారు. పదిహేను జలపాతాల లిస్టు రాసుకుని పోయినవాళ్లు చూసేది ఎక్కువగా కారు అద్దమే.

నేను బోరు బండ్లు నడుపుతా. నల్లగొండ, మునుగోడు, దేవరకొండ, అటు కల్వకుర్తి, అచ్చంపేట దాకా రైతుల చేన్లలో రాయి తొలిచి నీళ్లు వెతకడం నా పని. కూతురు, అల్లుడు జర్మనీలో ఉంటారు. నేనూ మా ఇంటామె వాళ్లతో కలిసి సెప్టెంబర్‌లో పోయివచ్చాం. అందుకే ఇందులో హోటళ్ల ముచ్చట తక్కువ, రాయి, నీళ్లు, గాలి ముచ్చట ఎక్కువ.

ముందు ఆ నేల సంగతి తెలుసుకుని పోండి. తెలియకపోతే అన్నీ ఫొటోలకే పనికొస్తాయి. ఐస్‌లాండ్ విస్తీర్ణం దాదాపు 1,03,000 చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణ 1,12,000. జనం మాత్రం నాలుగు లక్షల లోపే. 2011 లెక్కల్లోనే ఇప్పటి నల్లగొండ జిల్లా జనం 16 లక్షలు. అంత నేల మీద అంత కొద్దిమంది ఎందుకున్నారంటే, నడిమధ్యలో ఊర్లే లేవు. మంచు, లావా, బూడిద, ఎడారి. ఉన్న ఊర్లలో ఎక్కువ భాగం సముద్రం అంచున ఉంటాయి.

భూమి పైపెంకులో రెండు పెద్ద పలకలు, ఉత్తర అమెరికాది ఒకటి, యూరేషియాది ఒకటి, ఆ దేశం కిందనే ఏటా రెండు సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్నాయి. దానికి తోడు అక్కడ లోపలి నుంచి వేడి మామూలు కంటే ఎక్కువగా పైకి వస్తుంది. రెండూ కలిసినందుకే అట్లాంటిక్ నడుమ అంత దీవి లేచింది. అక్కడి అన్నిటికంటే పాత రాయి వయసు దాదాపు 1.6 కోట్ల ఏళ్లు. మన నల్లగొండ గుండ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అల్లుడికి ఈ లెక్క చెబితే "అయితే మామయ్యా, మనం వీళ్లకు పెద్దవాళ్లం" అన్నాడు. 2021లో ఫాగ్రదాల్స్‌ఫ్యాట్ల్ అగ్నిపర్వతం దగ్గర కారిన లావా అయితే నా మనవరాలి కంటే చిన్నది.

ఎప్పుడు పోవాలి

జూన్, జూలైలో రాత్రే ఉండదు. రాజధాని రేక్యావిక్‌లో సూర్యుడు అర్ధరాత్రి దాకా ఉండి, మళ్లీ మూడింటికల్లా లేస్తాడు. రోడ్లన్నీ తెరిచి ఉంటాయి, పఫిన్ పక్షులు కనిపిస్తాయి, రేట్లు మండిపోతుంటాయి. డిసెంబర్‌లో వెలుతురు నాలుగైదు గంటలే. మంచు గుహలు, ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు కావాలనుకునేవాళ్లు అప్పుడు పోతారు. మంచు మీద కారు నడపడం మనకు రాదు కాబట్టి చలికాలంలో సొంత డ్రైవింగ్ పెట్టుకోవద్దు, టూర్ బస్సులు ఎక్కండి.

నన్ను అడిగితే సెప్టెంబర్. రోడ్లు నడుస్తుంటాయి, చీకటి కూడా పడుతుంది కాబట్టి ఆకాశం వెలుగులకు అవకాశం ఉంటుంది. పఫిన్లు ఆగస్టు సగానికల్లా ఎక్కువ భాగం సముద్రంలోకి వెళ్లిపోతాయి. అది ఒక్కటే లోటు.

ఆ వెలుగుల గురించి ఒక మాట. ఫోన్లో కనిపించినంత పచ్చగా కంటికి కనిపించవు. చాలాసార్లు పల్చటి మబ్బు కదిలినట్టు మొదలై, బలం పుంజుకుంటే అప్పుడు రంగు తేలుతుంది. వాతావరణ శాఖ సైటులో మబ్బుల మ్యాపు ఉంటుంది. వెలుగుల అంచనా కంటే ముందు ఆ మ్యాపు చూడండి. పైన ఎంత ఆట నడిచినా కింద మబ్బు ఉంటే ఏమీ కనబడదు.

కాగితాలు, కార్డులు

వీసా షెంగెన్, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి అప్లై చేయాలి. మేం జర్మనీలో ఎక్కువ ఉన్నాం కాబట్టి జర్మనీ వీసాతోనే పోయాం. నేరుగా ఐస్‌లాండే పోతుంటే దానికే పెట్టుకోవాలి. 30,000 యూరోల ఆరోగ్య బీమా తప్పనిసరి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. యూరప్‌లో ఎక్కడో ఒకచోట మారాలి. మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక, ఏడాదంతా అంతే.

నోట్ల కట్టలు అక్కర్లేదు, అంతటా కార్డే. కాకపోతే చాలా పెట్రోల్ బంకుల్లో మనిషి ఉండడు. మెషీన్‌లో కార్డు పెట్టి పిన్ కొట్టాలి. పిన్ పనిచేసే కార్డు, విదేశాల్లో వాడే పర్మిషన్ ఇంటి దగ్గరే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకుని పోండి. మెషీన్ ఎంతకు కొట్టాలి అని అడిగితే "ఫుల్" నొక్కకండి, అంకె వేయండి. ఫుల్ నొక్కితే పెద్ద మొత్తం కార్డులో ఆగిపోయి, తిరిగి వదలడానికి టైమ్ పడుతుంది. పార్కింగ్ ఫీజు కూడా చాలాచోట్ల కెమెరా నంబర్ ప్లేటు చూసి వేస్తుంది. బోర్డు మీద ఉన్న యాప్‌లో అదే రోజు కట్టేయండి. లేకుంటే కారు అద్దెకు ఇచ్చినవాళ్లు తమ చార్జీ కలిపి పంపిస్తారు.

మన తెలంగాణ లైసెన్సు ఇంగ్లీషులోనే ఉంటుంది. అయినా ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుంటే మాటలు తగ్గుతాయి.

గాలి

వానకు జనం భయపడతారు. భయపడాల్సింది గాలికి. గొడుగు మోసుకుపోకండి, మొదటి గంటలోనే కమాన్లు తిరగబడతాయి.

అక్కడ గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో చెప్తారు. 3.6తో గుణిస్తే మన గంటకు కిలోమీటర్లు వస్తాయి. 15 అంటే 54. చిన్న కారు కూడా స్టీరింగ్ గట్టిగా పట్టుకునే నడపాలి. 20 అంటే 72. ఎత్తయిన వ్యాను, క్యాంపర్ అయితే ఆ రోజు బయటికి తీయొద్దు. 25 దాటితే టీ పెట్టుకుని ఇంట్లో కూర్చోవడమే. ఇవి నిలకడ గాలి అంకెలు, కొండల పక్కన ఒక్కసారిగా వచ్చే విసురు ఇంకా పైన ఉంటుంది. పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇస్తారు. నారింజ చూశారంటే ఆ రోజు ప్లాన్ రద్దు చేయండి, మారు మాట్లాడకండి.

దక్షిణ తీరంలోని వీక్ ఊరి దగ్గర మా అల్లుడు కారు ఆపి మొదట చెప్పిన మాట: "ఎవరూ తలుపు తీయకండి." కారును గాలికి ఎదురు ముఖం పెట్టాడు. దిగి నా వైపు వచ్చి, బయటి నుంచి ఒక చేత్తో తలుపు అంచు, ఇంకో చేత్తో హ్యాండిల్ పట్టుకుని "ఇప్పుడు తీయండి మామయ్యా, కొంచెమే" అన్నాడు. అంతలోనే తలుపు తన బరువు తప్పి నా చేతిని లాగింది. గాలి వెనక నుంచి వస్తుంటే తలుపు ముందుకు విరుచుకుపోతుంది, కీలు వంకర పోతుంది. కార్ల బీమాల్లో ఎక్కువ భాగం ఈ తలుపు నష్టాన్ని కవర్ చేయవు. ఇసుక, బూడిద గాలికి అద్దం, పెయింట్ గీసుకుపోవడానికి వేరే బీమా అమ్ముతారు. దక్షిణ తీరం పోయేవాళ్లు అది తీసుకోండి.

ప్రొద్దున లేవగానే మూడు చూడాలి: వాతావరణ శాఖ సైటు, రోడ్ల పరిస్థితి చెప్పే ఉమ్‌ఫెర్దిన్ సైటు, ప్రయాణికుల హెచ్చరికలు పెట్టే సేఫ్‌ట్రావెల్. ప్లాన్ రాత్రి కాదు, ఇవి చూశాక వేసుకోవాలి. తూర్పున వాన ఉంటే పడమర, తీరంలో గాలి ఉంటే లోపలి లోయ. ఆపదకు నంబర్ 112. కొండల్లో, మంచులో చిక్కుకున్న వాళ్లను వెతికి తెచ్చేది అక్కడ వాలంటీర్లు. ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకుంటూ, పిలుపు వస్తే బండ్లు వేసుకుని బయలుదేరతారు. సెల్ఫీ కోసం వాళ్లను తుఫానులోకి పిలిపించడం పాపం.

రోడ్డు రూల్స్ తొందరగా చెప్తా. కుడివైపు నడపాలి. తారు రోడ్డు మీద 90, కంకర రోడ్డు మీద 80, ఊర్లో 50. పగలైనా లైట్లు వెలగాలి. ఒక బండి మాత్రమే పట్టే వంతెనలు చాలా ఉంటాయి, ముందు వచ్చినవాళ్లది దారి. గొర్రెలు రోడ్డు మీదకి వస్తాయి. తల్లి ఒక పక్క, పిల్ల ఇంకో పక్క ఉంటే పిల్ల తప్పకుండా అడ్డం వస్తుంది, ఇది మనకు కొత్త కాదు. నంబర్ ముందు ఎఫ్ అక్షరం ఉన్న రోడ్లు లోపలి ఎత్తు ప్రాంతాలవి. జూన్ చివర నుంచి సెప్టెంబర్ దాకానే తెరుస్తారు, ఫోర్ వీల్ బండి ఉంటేనే పోవాలి. వాగులో ఇంజన్‌లోకి నీళ్లు పోతే బీమా రాదు. రోడ్డు దిగి ఇసుకలో, నాచులో బండి నడిపితే నేరం, జరిమానా చాలా పెద్దది.

బట్టలు, తిండి

జీన్సు, కాటన్ స్వెట్టర్ వద్దు. తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. లోపల ఉన్ని థర్మల్స్, మధ్యలో ఫ్లీస్, పైన నీళ్లు ఆగే జాకెట్టు, నీళ్లు ఆగే ప్యాంటు. మా ఇంటామె చీర మానను అని మొండికేసింది. చివరికి థర్మల్స్ మీద సల్వార్, దాని మీద వాన ప్యాంటు వేసుకుంది. సెల్యాలాండ్స్‌ఫోస్ జలపాతం వెనకాల నడిచొచ్చాక ఆ ప్యాంటును విప్పడానికి ఒప్పుకోలేదు. ఇవన్నీ హైదరాబాద్‌లో డెకాథ్లాన్‌లో కొనుక్కోండి, అక్కడ కొంటే రెండింతలు పడుతుంది. చీలమండ దాకా వచ్చే వాటర్‌ప్రూఫ్ బూట్లు ఇంటి దగ్గరే వారం పాటు వేసుకుని తిరగండి.

హోటల్లో తింటే భోజనానికి మన నెల కరెంటు బిల్లు అవుతుంది. వంటగది ఉన్న గెస్ట్‌హౌస్ తీసుకోండి. పసుపు బోర్డు మీద గులాబీ పంది బొమ్మ ఉన్న బోనస్ దుకాణంలో బియ్యం, గుడ్లు, కూరగాయలు, రొట్టె దొరుకుతాయి. చిన్న రైస్ కుక్కర్, చింతపండు, కారప్పొడి, మామిడికాయ తొక్కు, సకినాలు మోసుకుపోండి. నెయ్యి, కోవా, మటన్ పచ్చడి ఇంట్లోనే వదిలేయండి. బయటి దేశాల పాల, మాంసం పదార్థాలను యూరప్‌లోకి రానివ్వరు. నీళ్ల బాటిళ్లు కొనొద్దు. చల్లనీళ్ల కుళాయి పట్టుకుని తాగేయొచ్చు. ఫిల్టర్ నీళ్ల క్యాన్లకు అలవాటు పడ్డ ప్రాణం నాది, మొదట నమ్మబుద్ధి కాలేదు. వేడినీళ్ల కుళాయిలో మాత్రం గంధకం వాసన ఉంటుంది, స్నానానికే వాడండి.

ఏమేం చూడాలి

వారం లోపు పోయేవాళ్లు దేశం చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు జోలికి పోకండి. అది 1,300 కిలోమీటర్ల పైన. పది రోజులు చేతిలో ఉంటే ఆలోచించండి. లేకపోతే రేక్యావిక్ పక్కనున్న గోల్డెన్ సర్కిల్, దక్షిణ తీరం, రేక్యానెస్ ద్వీపకల్పం. ఈ మూడు చాలు.

గోల్డెన్ సర్కిల్ ఒక్క రోజులో అయిపోయేదే. మూడు ప్రధాన చోట్లు: థింగ్‌వెట్లిర్, గేసిర్, గుల్‌ఫోస్. టూర్ బస్సులన్నీ పది గంటలకు చేరతాయి. మీరు ఎనిమిదికి గేసిర్ దగ్గర ఉండండి.

థింగ్‌వెట్లిర్ పలకలు విడిపోతున్న లోయ. 930లో అక్కడి జనం తమ పార్లమెంటు అల్‌థింగ్‌ను ఆరుబయట పెట్టుకున్న చోటు కూడా అదే. 2004 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. అల్మన్నగ్యా అనే చీలిక వెంట దారి ఉంది, రెండు పక్కలా గోడల్లా రాయి లేస్తుంది. "ఇదిగో ఇటు అమెరికా, అటు యూరప్" అని గైడ్లు చేతులు చాపి చెప్తారు గానీ, అది ఒక గీత కాదు, కిలోమీటర్ల వెడల్పున్న పట్టీ. ఆ పట్టీ అంతా కుంగుతోంది, చీలుతోంది. మన బోరు పాయింట్లు పెట్టేవాళ్లు చీలిక ఎక్కడుందో వెతుక్కుంటూ ఊరంతా తిరుగుతారు. అక్కడ చీలికలోనే నడిపిస్తారు.

గేసిర్ వేడినీళ్లు ఎగజిమ్మే ఊట. అది పాతది, ఎప్పుడోగాని లేవదు. దాని పక్కన స్ట్రోక్కూర్ ఆరు నుంచి పది నిమిషాలకోసారి లేస్తుంది, మామూలుగా 15, 20 మీటర్లు. ఫోన్ పట్టుకుని పైకి చూస్తూ నిలబడకండి, గుంత వైపే చూడండి. నీళ్లు ముందు గుంతలో ఊపిరి పీల్చినట్టు లోపలికి తగ్గుతాయి, అంచుల నుంచి వెనక్కి పోతాయి. తర్వాత మళ్లీ వస్తాయి. ఇట్లా రెండు మూడు సార్లు. చివరిసారి నడుమ నుంచి నీలం రంగు బుడగ ఒకటి ఉబ్బుతుంది, దాని చర్మం సన్నగా మెరుస్తుంది. అర సెకను. అదీ చూడాల్సింది. తర్వాత వచ్చేది బోరులో పెద్ద జల తగిలి కంప్రెసర్ గాలికి పైపు నోట్లోంచి ఎగజిమ్మినట్టే ఉంటుంది, కాకపోతే ఆవిరి.

లోపల జరిగేది ఇది. కింద రాయి వేడికి నీళ్లు 100 డిగ్రీలు దాటిపోతాయి, కానీ పైనున్న నీళ్ల బరువు నొక్కి పట్టడం వల్ల మరగలేవు. ఏదో ఒక ఆవిరి బుడగ పైకి వచ్చి కొన్ని నీళ్లను నెట్టేస్తే బరువు తగ్గుతుంది, కిందిదంతా ఒకేసారి ఆవిరవుతుంది. గాలి ఎటు వీస్తుందో చూసి, దానికి ఎదురు పక్కన నిలబడండి. తాడు దాటకండి, పక్కన పారే చిన్న కాలువల్లో వేలు పెట్టకండి. చల్లగా కనిపించే ఆ నీళ్లు చర్మం ఊడేంత వేడి. పిల్లల చేతులు వదలొద్దు.

గుల్‌ఫోస్ జలపాతం 32 మీటర్లు, రెండు మెట్లుగా దూకుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దీని మీద కరెంటు ప్రాజెక్టు కట్టాలని చూశారు. సిగ్రిదుర్ తోమస్‌దోత్తిర్ అనే రైతు బిడ్డ అడ్డం పడి పోరాడింది, ఆమె గుర్తుగా అక్కడ రాయి పెట్టారు. సాగర్ ఎడమ కాలువ వచ్చాకే మా చుట్టాల ఇండ్లల్లో వరి అన్నం వచ్చింది, నేను డ్యాములకు వ్యతిరేకం కాదు. అయినా ఆ అంచున నిలబడి నీళ్ల మోత విన్నాక ఆమె పక్షమే అయ్యాను.

ఇక దక్షిణ తీరం. రెండు రాత్రులైనా వీక్ దాకా, వీలైతే దానికవతల ఉండండి. రేక్యావిక్ నుంచి పొద్దున పోయి రాత్రికి వచ్చే మంచు సరస్సు టూర్లు ఉన్నాయి. పోను 370 కిలోమీటర్లు, రాను 370. నాకైతే అది శిక్ష.

సెల్యాలాండ్స్‌ఫోస్, స్కోగాఫోస్ రెండూ 60 మీటర్ల ఎత్తే. మొదటిదాని వెనక నుంచి నడవొచ్చు, పూర్తిగా తడుస్తారు. అక్కడి నుంచి నాలుగడుగులు పోతే కొండ సందులో దాక్కున్న గ్ల్యూఫ్రబూయి ఉంటుంది. వాగులో రాళ్ల మీద కాలు వేసుకుంటూ లోపలికి పోవాలి. జనం సగం మంది దాన్ని చూడకుండానే బస్సెక్కుతారు. స్కోగాఫోస్‌కు పక్కన 500కు పైగా మెట్లున్నాయి. మోకాళ్లు బాగుంటే ఎక్కండి, ఎక్కాక అక్కడే ఆగకుండా వాగు వెంట అరగంట నడవండి, ఒకదాని వెనక ఒకటి జలపాతాలు వస్తాయి. వెనక ఉన్న తెల్ల కొండ ఎయ్యాఫ్యాట్లయోకుల్. 2010లో బూడిద ఎగజిమ్మి యూరప్ విమానాల్లో ఎక్కువ భాగాన్ని రోజుల తరబడి నేల మీద కూర్చోబెట్టింది అదే.

రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరం. లావా చల్లారుతూ కుంచించుకుపోతే ఆరు మూలల స్తంభాలుగా చీలుతుంది. అవి కొండ పొడవునా నిలబడి ఉంటాయి. అందం ఎంతో, ప్రమాదం అంత. చిన్న చిన్న అలలు పది వచ్చాక పదకొండోది ఎక్కడిదాకా వస్తుందో చెప్పలేం. ఒడ్డు ఏటవాలుగా ఉండి, కాళ్ల కింద గులకరాయి జారి, మనిషిని లాగేస్తుంది. ప్రాణాలు పోయాయి. పార్కింగ్ దగ్గర హెచ్చరిక లైటు ఉంటుంది. ఎరుపు ఉంటే దిగకండి. ఏ లైటు ఉన్నా సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగొద్దు.

నాచు కింద ఉన్నది

వీక్ దాటి తూర్పుకు పోతుంటే రోడ్డు ఎల్డ్‌హ్రాయిన్ అనే లావా మైదానం గుండా పోతుంది. చాలామంది కారు ఆపరు. నా ప్రయాణం మొత్తంలో నాకు ముఖ్యమైన చోటు అది. పక్కన బండి ఆపుకునే చోటు, చిన్న నడకదారి ఉన్న దగ్గర దిగండి. కనుచూపు మేర గుండ్రటి గుట్టలు, అన్నిటి మీద బూడిద కలిసిన ఆకుపచ్చ నాచు. వాన పడితే పచ్చదనం ఒక్కసారిగా పెరుగుతుంది. దారి పక్కన వంగి చూశాను. నాచు చేతివేలంత మందంగా ఉంది, దాని కొసకొసకీ నీటి చుక్క ఉంది, ఎక్కడో ఒకచోట నాచు లేచిపోయి కింద నల్లరాయి గరుకుగా కనిపించింది. ఎవరో తొక్కిన చోటు అది. ఆ గాయం మానడానికి దశాబ్దాలు పడుతుంది. దారి దాటి కాలు పెట్టకండి.

ఆ లావా 1783 జూన్‌లో లాకి అనే చోట నేల చీలి, 1784 ఫిబ్రవరి దాకా కారింది. దాదాపు 565 చదరపు కిలోమీటర్ల నేలను కప్పేసింది. చంపింది ప్రధానంగా లావా కాదు, దానితో వచ్చిన గాలి. గంధకంతో పాటు ఫ్లోరిన్ లక్షల టన్నుల్లో బయటపడి గడ్డి మీద కూర్చుంది. గొర్రెలు, ఆవులు ఆ గడ్డి తిని ఎముకలు ఉబ్బి, పళ్లు పాడై, గిట్టలు ఊడి చచ్చాయి. గొర్రెల్లో దాదాపు 80 శాతం, ఆవుల్లో సగం పోయాయి. కరువులో ఆ దేశపు జనంలో ఐదో వంతు చనిపోయారు. దగ్గర్లోని క్లాయ్‌స్తుర్ ఊరి చర్చి పాస్టర్ జోన్ స్టైన్‌గ్రిమ్సన్ కళ్లారా చూసి అదంతా రాసిపెట్టాడు.

నల్లగొండ మనిషికి ఫ్లోరైడ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిపోయిన కాళ్లు, కదలని మెడలు చూస్తూ పెరిగాం. పటిక, సున్నంతో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారుచేస్తే దానికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టింది. మనకు అది ఆకాశం నుంచి రాలేదు. గ్రానైట్‌లోని ఖనిజాల నుంచి నీళ్లలోకి కరిగి వచ్చింది, లోతు బోర్లతో మేమే పైకి తోడాం. అక్కడ ఒక్క ఏడాదిలో అయింది, ఇక్కడ తరాలు పట్టింది. ఎముక మీద చేసే పని మాత్రం ఒక్కటే. ఆ నాచు ముందు నేను ఎక్కువసేపే నిలబడ్డాను. మా ఇంటామె పిలిచింది కూడా వినలేదట.

అవతలికి పోతే స్కాఫ్తాఫెల్ దగ్గర రోడ్డు పక్కన వంకర తిరిగిన ఇనుప దూలాలు పడి ఉంటాయి. 1996లో వాత్నాయోకుల్ మంచు కింద అగ్నిపర్వతం పేలి, కరిగిన నీళ్లు నవంబర్‌లో ఒక్కసారి బయటపడితే కొట్టుకుపోయిన వంతెనవి. ఆ వరద తారస్థాయిలో సెకనుకు 45,000 ఘనపు మీటర్లు, మన లెక్కలో 15 లక్షల క్యూసెక్కుల పైమాట. 2009 అక్టోబర్‌లో అలంపూర్ మునిగిన కృష్ణ, తుంగభద్రలను చూసినవాళ్లకు ఆ అంకె ఏంటో అర్థమవుతుంది.

యోకుల్సార్లోన్ మంచు సరస్సు చివర పెట్టుకోండి. 1930ల దాకా అక్కడ సరస్సే లేదు. మంచునది వెనక్కి తగ్గిన కొద్దీ గుంత నిండింది. ఇప్పుడు 240 మీటర్ల పైన లోతు. మంచు గడ్డల్లో నల్లటి చారలు కనిపిస్తాయి, అవి ఎప్పటివో పేలుళ్ల బూడిద పొరలు. రోడ్డుకు ఇవతల సముద్రం ఒడ్డున చిన్న గడ్డలు నల్ల ఇసుక మీదికి కొట్టుకొస్తాయి. పడవ డబ్బులు మిగుల్చుకుని ఆ రెండు ఒడ్లూ నడిచినా చాలు. గడ్డ మీదకి ఎక్కకండి, తిరగబడుతుంది. మంచునది మీద నడవాలనుంటే గైడుతో, బూట్లకు ఇనుప ముళ్లు కట్టుకునే పోండి. సోల్హైమయోకుల్ అందుకు దగ్గర. దగ్గర్లోని స్కూలు పిల్లలు అది ఎంత వెనక్కి పోతోందో 2010 నుంచి ఏటా కొలిచి బోర్డు మీద రాస్తున్నారు.

వేడినీళ్లు, చివర రేక్యానెస్

మేం వెయ్యి అడుగులు తొలిచినా తడి తగలని బోర్లు ఎన్నో. వాళ్లు రెండు వేల మీటర్లు తొలిచి ఆవిరి పట్టుకుంటారు. హెల్లిస్‌హైది ప్లాంటు రేక్యావిక్ నుంచి అరగంట. అక్కడి నుంచి ఊరికి కరెంటూ, ఇండ్లకు వేడినీళ్లూ పోతాయి. లోపల చూసే ఏర్పాటు ఉంది. బోర్లతో, మోటార్లతో బతికే మనవాళ్లు ఎవరైనా పోతే జలపాతం ఒకటి వదిలైనా దాన్ని చూడండి.

బ్లూ లగూన్ నీళ్లు కూడా స్వార్త్‌సెంగి ప్లాంటు వాడి వదిలినవే. ఫొటోలకు బాగుంటుంది, టికెట్టు బరువు. స్నానం కోసమైతే ఊరి స్విమ్మింగ్ పూలు మేలు. తక్కువ డబ్బు, అదే వేడినీళ్లు, ముసలివాళ్లు కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటుంటారు. ఒక సంగతి ఇంట్లో ఆడవాళ్లకు ముందే చెప్పండి: పూల్‌లోకి దిగేముందు బట్టల్లేకుండా సబ్బుతో స్నానం తప్పనిసరి, షవర్లు ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు, లోపల మాత్రం తెరల్లేకుండా కలిపే ఉంటాయి. కొన్ని చోట్ల తెర ఉన్న గది దొరుకుతుంది, అడగాలి. నీళ్లలో క్లోరిన్ తక్కువ కలుపుతారు కాబట్టి ఆ రూలు. మా ఇంటామె తెర గది కోసం క్యూలో నిలబడింది, నీళ్లలోకి దిగాక మాత్రం బయటికి రమ్మంటే రాలేదు.

రేక్యానెస్‌ను చివరి రోజుకు ఉంచుకోండి, ఎయిర్‌పోర్టు అక్కడే. 2021 నుంచి అక్కడ మళ్లీ మళ్లీ నేల చీలుతోంది. 2023 నవంబర్ 10 రాత్రి గ్రిందవిక్ ఊరు మొత్తాన్ని ఖాళీ చేయించారు. దాని కింద దాదాపు 15 కిలోమీటర్ల పొడవున మాగ్మా, అంటే భూమి లోపలి కరిగిన రాయి, చీలికలోకి దూరింది. మన గ్రానైట్‌లో బోరు వేస్తుంటే అడ్డం తగిలే నల్లరాయి గోడలు, మేం డైకు అంటాం, వందల కోట్ల ఏళ్ల కింద అట్లా దూరి గడ్డకట్టినవే. పేలుడు నడుస్తున్నప్పుడు పోతే సేఫ్‌ట్రావెల్‌లో ఏ దారి తెరిచారో చూసి, అదే దారిలో, అదే పార్కింగ్ నుంచి నడవండి. గాలి మీ వెనక నుంచి లావా వైపు వీస్తుండాలి. పొగ పల్లంలో నిలుస్తుంది కాబట్టి గుంతల్లోకి దిగొద్దు. చల్లారిన లావా పైకి ఎక్కొద్దు, పైపెంకు కింద నెలల తరబడి నిప్పే ఉంటుంది. ఏ పేలుడూ లేకపోతే పాత లావా అంచున పెట్టిన నడకదారులున్నాయి, గున్నుహ్వెర్ దగ్గర ఆవిరి బుసలు కొడుతుంటుంది.

కారు తిరిగి ఇచ్చే ముందు నాలుగు పక్కలా, చక్రాలు, అద్దం, తలుపు కీళ్లు వీడియో తీసి పెట్టుకోండి. తీసుకున్నప్పుడు కూడా తీసి ఉండాలి. టాంకు నింపిన రసీదు దగ్గర పెట్టుకోండి. గున్నుహ్వెర్ నుంచి కెఫ్లవిక్ ఎయిర్‌పోర్టుకు అరగంట లోపే, కానీ పొద్దుటి విమానాలన్నీ ఒకేసారి లేస్తాయి కాబట్టి మూడు గంటల ముందే చేరండి.